కారు ఈసీఎం రీసెట్: చెరిపే ముందు, చెరిపాక

టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్ వేసి క్లచ్ మెల్లగా వదిలితే, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకముందే మా బండి ముందుకు దూకేది. న్యూట్రల్‌లో పెడితే ఆర్‌పీఎం ముల్లు 1400 దగ్గర నిలబడేది. ఇంజిన్ వేడెక్కాక అది 750 దగ్గరికి దిగాలి. రెండు వారాలు అలాగే నడిపాను. ముందున్న ఆటోకి ఎక్కడ తగులుతుందోనని సిగ్నల్ పడిన ప్రతిసారీ టెన్షనే.

ఆ బండి మా నాయనది. 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఐదు గేర్ల మాన్యువల్. పలమనేరులో కొన్నాడు. కంటి ఆపరేషన్ అయ్యాక డ్రైవింగ్ మానేసి, బెంగళూరులో రామమూర్తి నగర్‌లో ఉంటున్న నాకు ఇచ్చేశాడు. అప్పటికి లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ దగ్గర అప్పుడప్పుడు ఆగిపోతోందని సర్వీసుకిస్తే, వాళ్లు ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ విప్పి శుభ్రం చేసి ఇచ్చారు. ఆగిపోవడం తగ్గింది కానీ ఈ పరుగు మొదలైంది. మళ్లీ తీసుకెళ్తే "ఈసీఎం పోయింది మేడమ్, మార్చాలి" అని 38 వేలు చెప్పారు. ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్.

మా వీధి చివర రేకుల షెడ్డులో ముళబాగిలు అబ్బాయి ఒకడు బళ్లు బాగుచేస్తాడు. అతను చెవి ఒగ్గి ఇంజిన్ శబ్దం విని, ఏ ఏ పనులు చేయించానో అడిగి, "ఈసీఎం పోలేదక్కా. దానికింకా పాత లెక్కే గుర్తుంది, అంతే" అన్నాడు. ఆ రోజు అతని దగ్గర నేర్చుకున్నదీ, ఆ తర్వాత నాలుగేళ్లలో సొంతంగా తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లు ఈసీఎం మార్చడానికి డబ్బు కట్టే ముందు ఒకసారి చదవండి.

పాత లెక్క అంటే ఏమిటి

అన్నం వండేవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు అన్నది పుస్తకం లెక్క. పాత బియ్యమైతే ఇంకాస్త ఎక్కువ పోస్తాం, కొత్త బియ్యమైతే తగ్గిస్తాం. నాలుగు రోజులు వండితే ఆ బస్తాకి ఎంత పోయాలో చేతికే తెలిసిపోతుంది. ఇంజిన్ కంప్యూటర్‌లోనూ పుస్తకం లెక్క ఒకటి ఉంటుంది. ఇంత గాలి లోపలికొస్తే ఇంత పెట్రోలు చల్లాలని ఫ్యాక్టరీలోనే రాసి పెడతారు. శుద్ధమైన పెట్రోలుకైతే ఒక పాలు ఇంధనానికి బరువులో 14.7 పాళ్ల గాలి. సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ పొగని చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెబుతూ ఉంటుంది. కంప్యూటర్ ఆ మాట విని అప్పటికప్పుడు చేసే సవరణని షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అదే సవరణ మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తే దాన్ని గుర్తుగా రాసి పెట్టుకుంటుంది. అది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. మన చేతి అంచనా లాంటిది.

ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరగడం కూడా ఇంతే. థ్రాటిల్ రెక్క అంచున ఏళ్ల తరబడి మసి పేరుకుంటే గాలి పోయే సందు తగ్గుతుంది. ఇంజిన్ ఆగిపోకుండా కంప్యూటర్ ఆ రెక్కని రోజురోజుకీ ఇంకొంచెం తెరవడం నేర్చుకుంటుంది. మసి మొత్తం ఒక్కపూటలో తుడిచేస్తే, రెక్క పాత అలవాటు ప్రకారమే తెరుచుకుంటుంది కానీ గాలి మాత్రం ఎక్కువ పోతుంది. మా బండి 1400 మీద నిలబడింది అందుకే. శుభ్రం చేసినవాళ్లు ఆ తర్వాత చేయాల్సిన పని వదిలేశారు.

కాబట్టి రీసెట్, అంటే ఆ పాత లెక్క చెరిపేయడం, అవసరమయ్యేది ఏదైనా మారినప్పుడే. థ్రాటిల్ బాడీ శుభ్రం చేసినా, ఆక్సిజన్ సెన్సర్, ఇంజెక్టర్లు లేదా గాలిని కొలిచే సెన్సర్ మార్చినా, గాలి లీకు సరిచేసినా పాత లెక్క పనికిరాదు. పికప్ తగ్గిందనో మైలేజీ పడిపోయిందనో ఊరికే చెరిపితే రెండు రోజులు బాగున్నట్టు అనిపిస్తుంది. కంప్యూటర్ మళ్లీ అదే తప్పుని అలాగే నేర్చుకుంటుంది.

చెరిపే ముందు రాసుకోండి

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదటి రీసెట్ అయిన ఏడాదికి డ్యాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. అప్పటికి ఎస్‌పీ రోడ్డులో 600 రూపాయలకి కొన్న ఈఎల్‌ఎం 327 బ్లూటూత్ ముక్క (బండి లోపాల కోడ్లని ఫోన్‌లో చూపించేది) నా దగ్గరుంది. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్‌లో పెట్టి, ఫోన్‌లో యాప్ తెరిచి, కోడ్ ఏమిటో సరిగ్గా చూడకుండానే క్లియర్ నొక్కేశాను. లైటు ఆరింది, సంతోషించాను. మూడో రోజు ఆఫీసుకి వెళ్తుంటే మహదేవపుర దగ్గర మళ్లీ వెలిగింది.

షెడ్డుకి తీసుకెళ్తే అతను అడిగిన మొదటి ప్రశ్న: "ముందుసారి లైటు వచ్చినప్పుడు ఫ్రీజ్ ఫ్రేమ్ ఏముందక్కా?" లైటు వెలిగిన క్షణంలో బండి ఎంత వేగంలో ఉంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ట్రిమ్ ఎంత అన్న వివరాల్ని కంప్యూటర్ ఫొటో తీసినట్టు దాచి ఉంచుతుంది. అదే ఫ్రీజ్ ఫ్రేమ్. క్లియర్ నొక్కగానే కోడ్‌తో పాటు అదీ పోతుంది. డాక్టర్ చూడకముందే రిపోర్టులు చించేసినట్టయింది నా పని.

ఆ రోజు నుంచి నాయన పాలలెక్కలు రాసే లాంటి పొడుగు పుస్తకం ఒకటి బండిలోనే పెట్టుకున్నాను. చెరిపే ముందు అందులో తేదీ, కిలోమీటర్లు, కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు రాస్తాను. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో రెండు ట్రిమ్‌లూ, ఆర్‌పీఎం 2500 దగ్గర నిలిపినప్పుడు మళ్లీ ఆ రెండు ట్రిమ్‌లూ రాస్తాను. స్క్రీన్‌షాట్ తీసుకున్నా సరిపోతుంది. నాకు మాత్రం రాస్తేనే గుర్తుంటుంది.

ఆ అంకెలు చాలా చెబుతాయి. షార్ట్, లాంగ్ రెండూ కలిపి ప్లస్ 10 శాతానికీ మైనస్ 10 శాతానికీ మధ్య ఉంటే సాధారణంగా కంగారు లేదు. ప్లస్ అంటే కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తోందని, మైనస్ అంటే తగ్గిస్తోందని అర్థం. ఐడ్లింగ్‌లో ప్లస్ చాలా ఎక్కువగా ఉండి, 2500 దగ్గర మామూలుకి వచ్చేస్తే ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానించాలి. ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు వచ్చే గాలే తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా పెద్ద తేడా చేస్తుంది. వేగం పెరిగాక అదే లీకు లెక్కలోకి రాదు. దీనికి తిరగబడి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టరు, గాలిని కొలిచే సెన్సర్ చూడాలి. మా బండికి కోడ్ పీ0171, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. ఐడ్లింగ్‌లో ప్లస్ 18, 2500 దగ్గర ప్లస్ 5. ముళబాగిలు అబ్బాయి ఆ రెండు అంకెలు చూసి నేరుగా ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే పీసీవీ గొట్టం దగ్గరికి వెళ్లాడు. కింది వైపు కంటికి కనపడని చోట పగిలి ఉంది. జేసీ రోడ్డులో 320 రూపాయలకి కొత్తది దొరికింది. అది మార్చాక చెరిపిన లైటు మళ్లీ రాలేదు.

ఇంకో రెండు అంకెలు కూడా చూడండి. బండి ఆపి రాత్రంతా వదిలేశాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. నీరసించిన బ్యాటరీతో సెన్సర్లు పిచ్చి కోడ్లు చూపిస్తాయి. రెండోది ఇంజిన్‌లోకి పోయే గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసినప్పుడు అది బయటి గాలి పీడనాన్నే చూపాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైనే ఉంది కాబట్టి ఇక్కడ సుమారు 91 కిలోపాస్కల్ వస్తుంది. చెన్నైలో ఉన్న మా చెల్లెలి బండిలో 101 చూపించింది. ఇక్కడ 91కి బదులు 80 చూపిస్తే సెన్సర్‌నే అనుమానించాలి, ఎన్నిసార్లు చెరిపినా లాభం లేదు.

చెన్నై నుంచి బండి తెచ్చుకుంటే రీసెట్ చేయాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. ఎత్తు మారితే గాలి పలచబడిన సంగతి ఆ సెన్సరే చెబుతుంది, కంప్యూటర్ దారిలోనే సర్దుకుంటుంది.

ఎలా చెరపాలి

దారులు రెండు: స్కానర్, బ్యాటరీ. ముందు మీ బండి మాన్యువల్ తెరిచి బ్యాటరీ తీసే పద్ధతి చదవండి. ఏ బండికైనా అందులో రాసిందే మొదటి మాట.

ఫోన్ యాప్‌తో క్లియర్ చేస్తే కోడ్లు పోతాయి, చాలా బళ్లలో ఫ్యూయల్ ట్రిమ్ కూడా సున్నాకి వస్తుంది. థ్రాటిల్ లెక్క మాత్రం చాలాసార్లు దానితో పోదు. దానికి వర్క్‌షాపుల్లో ఉండే పెద్ద స్కానర్‌లో థ్రాటిల్ అడాప్టేషన్ అని విడిగా ఉంటుంది. ముళబాగిలు అబ్బాయి దాన్ని రెండు నిమిషాల్లో చేసి 300 తీసుకున్నాడు. నా ఉద్దేశంలో అందుబాటులో ఉంటే ఇదే మంచి దారి.

బ్యాటరీ తీయడం పాత బళ్లకి పనిచేస్తుంది, ఎందుకంటే వాటిలో నేర్చుకున్న లెక్కలు కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో ఉంటాయి. కొత్త బళ్లలో చాలావాటికి కరెంటు పోయినా ఆ లెక్కలు చెరిగిపోవు. బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండికి గంటసేపు బ్యాటరీ తీసినా ఏమీ మారలేదని ఎవరైనా అంటే కారణం ఇదే కావచ్చు.

తీసేటప్పుడు కొంచెం జాగ్రత్త. మ్యూజిక్ సిస్టమ్‌కి కోడ్ ఉంటే ముందే చూసి పెట్టుకోండి. కిటికీలు దించి, కీ మీ చేతిలోనే ఉంచుకోండి, లేకపోతే బండి లాకైపోతే అదో తంటా. ఇగ్నిషన్ ఆపి ఐదు నిమిషాలు ఆగాలి, ఎందుకంటే కీ తిప్పాక కూడా కంప్యూటర్ కాసేపు మేలుకుని తన లెక్కలు రాసుకుంటూ ఉంటుంది. చేతికి ఉంగరం, గాజులు ఉంటే తీసేయండి. మా బండికి 10 నంబర్ స్పానర్ సరిపోయింది. నెగటివ్ టెర్మినల్ ఒక్కటి విప్పి, గుడ్డ చుట్టి పక్కకి పెట్టి, అరగంట వదిలేస్తాను. పాజిటివ్ ముట్టుకోవాల్సిన పని లేదు.

ఇంజిన్ నడుస్తుండగా మాత్రం టెర్మినల్ ఎప్పుడూ తీయకండి. ఆల్టర్నేటర్ నుంచి ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ కంప్యూటర్‌నే కాల్చేయగలదు. 38 వేల మాట అప్పుడు నిజమవుతుంది. అలాగే ఇంకా కరెంటు మిగిలి ఉంటుందని రెండు కేబుళ్లూ ఒకదానికొకటి తాకించమని వీడియోల్లో చూపిస్తారు. నేను ఆ జోలికి పోను. అరగంట ఆగితే అదే పని జరుగుతుంది.

మళ్లీ నేర్పించడం

చాలామంది ఇక్కడే తొందరపడతారు. బ్యాటరీ బిగించి, వెంటనే స్టార్ట్ చేసి, ఏసీ వేసి, సిల్క్ బోర్డు వైపు వెళ్లిపోతారు. బండి ఊగిసలాడుతుంది, రీసెట్ చెడగొట్టిందని అనుకుంటారు.

బండిని బయట నిలపండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఈ పని చేయకూడదు. ఇంజిన్ పావుగంట నిలబడి నడవాలి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. ఏసీ, లైట్లు, మ్యూజిక్, ఫోన్ చార్జరు అన్నీ ఆపేయండి. కీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా ఒక నిమిషం ఆగండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బండి అయితే బానెట్ కింద నుంచి సన్నగా గీరినట్టు శబ్దం వినపడొచ్చు. రెక్క తన మూసిన స్థానాన్ని చూసుకుంటోందని అర్థం. కీ ఆఫ్ చేసి పదిహేను సెకన్లు ఆగండి. మళ్లీ ఆన్ చేసి, ఈసారి స్టార్ట్ చేయండి. కాలు యాక్సిలరేటర్ దగ్గరికే వెళ్లకూడదు.

మొదట ఆర్‌పీఎం పైకీ కిందికీ పోతుంది. ఒకసారి ఆగిపోయినా భయపడకండి, మళ్లీ స్టార్ట్ చేయండి. కూలెంట్ వేడి 90 డిగ్రీల దాకా ఎక్కి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా అలాగే వదిలేయండి. మా బండికి అది పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మొదటి నాలుగు నిమిషాలు 1100 దగ్గర తచ్చాడింది, తర్వాత మెట్టు మెట్టుగా దిగి 760 దగ్గర కుదురుకుంది. పక్కన నిలబడి చూస్తుంటే జ్వరం దిగుతున్న పిల్లని చూసినట్టే అనిపించింది నాకు.

కుదురుకున్నాక ఏసీ వేసి ఐదు నిమిషాలు వదలండి. కంప్రెసర్ పడినప్పుడు ఎంత బరువు మోయాలో అప్పుడు నేర్చుకుంటుంది. తర్వాత హెడ్‌లైట్లు వేయండి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు తిప్పండి. అలా తిప్పడంతో కొన్ని బళ్లలో బ్యాటరీ తీసినందువల్ల వెలిగిన స్టీరింగ్ లైటు కూడా ఆరిపోతుంది. ఒక్కసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంటి దగ్గర పని అయిపోయినట్టే.

మిగతాది రోడ్డు మీద. ఫ్యూయల్ ట్రిమ్‌ని కంప్యూటర్ ఒకే అంకెగా రాసుకోదు. ఇంత ఆర్‌పీఎం, ఇంత బరువు అని గళ్లు గీసుకుని, చాలా బళ్లలో ఒక్కో గడికి ఒక్కో లెక్క రాస్తుంది. బండి ఎప్పుడూ వెళ్లని గడి ఖాళీగానే ఉంటుంది. అవుటర్ రింగ్ రోడ్డులో గంటసేపు ఫస్టు, సెకండు గేర్లలో పాకితే ఆ రెండు మూడు గళ్లే నిండుతాయి.

నేను ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి బయల్దేరతాను. ట్యాంకు రిజర్వులో లేకుండా చూసుకుని, కేఆర్ పురం దాటి, ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీదుగా హోస్కోటె, అక్కడి నుంచి కోలారు వైపు. ఆ వేళకి రోడ్డు ఖాళీ. మూడో గేర్లో 40, నాలుగులో 55, ఐదులో 80, ఒక్కో దాంట్లో ఐదారు నిమిషాలు. కాలు కదపకుండా ఒకే వేగం పట్టుకోవడమే ముఖ్యం. తర్వాత, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, 80 నుంచి గేర్‌లోనే ఉంచి, క్లచ్ తొక్కకుండా, బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తాను. 40కి దిగాక మళ్లీ నింపాదిగా పెంచుతాను. ఇలా ఐదారు సార్లు. యాక్సిలరేటర్ వదిలిన ఆ క్షణాల్లో కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ సరిగ్గా స్పందిస్తోందో లేదో పరీక్షించుకోవడానికీ, చాలా బళ్లలో ఇంజిన్ తిరిగే తీరుని చూసే క్రాంక్ సెన్సర్ చక్రం పళ్ల తేడాలు రాసుకోవడానికీ అది దానికి మంచి అవకాశం. సిటీలో ఆ అవకాశమే దొరకదు. నరసాపుర దాకా వెళ్లి, టీ తాగి, వెనక్కి తిరుగుతాను.

మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసినప్పుడు ఇంకో పాఠం మొదలవుతుంది. చల్లని స్టార్టులు కనీసం నాలుగైదు అయ్యేదాకా, అంటే దాదాపు వారం, తీర్పు చెప్పకండి. ఆ వారం మైలేజీ కొంచెం అటూ ఇటూ ఉంటుంది. యాప్‌లో రెడీనెస్ మానిటర్లని ఒక పేజీ ఉంటుంది. చెరిపాక అవి అసంపూర్ణం అని చూపిస్తాయి. ఒక్కొక్కటే పూర్తయిందంటే కంప్యూటర్ తన పరీక్షలు ముగించిందన్నమాట. అన్నీ పూర్తయ్యాక కూడా కోడ్ రాకపోతేనే చేసిన రిపేరు నిలిచినట్టు.

ఎవరు చేయకూడదు

డీజిల్ బండి అయితే ఇంట్లో ప్రయోగాలు వద్దు. అందులో ఇంజెక్టర్ల కోడ్లు, మసి ఫిల్టరు లెక్కలు ఉంటాయి, వాటిని పెద్ద స్కానర్‌తో తెలిసినవాళ్లే చూడాలి. ఏఎంటీ (క్లచ్, గేర్లు తనంతట తానే వేసుకునే) బండికి క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో నేర్పించే పని విడిగా ఉంటుంది, దాన్నీ వర్క్‌షాపుకే వదలండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ మెరుస్తుంటే అది మిస్‌ఫైర్. కాలని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. అప్పుడు రీసెట్ మాట ఎత్తకుండా బండి పక్కకి ఆపాలి.

నా పుస్తకంలో గత రెండేళ్ల పేజీలు చూస్తే, ఏ రిపేరూ లేకుండానే లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 1 నుంచి ప్లస్ 5కి చేరింది. మొదట మళ్లీ గొట్టం పగిలిందేమోనని కంగారుపడ్డాను. కానీ ఐడ్లింగ్‌లోనూ, 2500 దగ్గరా ఒకేలా పెరిగింది, అది గాలి లీకు లక్షణం కాదు. బంకుల్లో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక జరిగిన మార్పు అని నా లెక్క. ఆ పెట్రోలుని 2023 ఫిబ్రవరిలో ఈ బెంగళూరులోనే విడుదల చేశారు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అంతే గాలికి కొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి, కంప్యూటర్ తనంతట తాను పోసుకుంటోంది. అందుకే ఆ పేజీ మీద "చెరపొద్దు" అని రాసి పెట్టుకున్నాను. పోయిన నెల పలమనేరు వెళ్లినప్పుడు నాయన బానెట్ తెరిచి ఐడ్లింగ్ కాసేపు విన్నాడు. ముల్లు 750 మీద ఉంది.